చిలగడదుంప పథ్యం

పొద్దున్నే ఐదింటికి లేవడం నాకు అలవాటైందే గాని, ఇష్టం ఎప్పుడూ కాలేదు. మా ఆయన మహేంద్ర రాయ్‌పూర్ శివార్లలోని సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ప్లాంటులో పనిచేస్తారు. ఆయన బస్సు ఏడింటికి మోవాలో మా సందు చివర ఆగుతుంది. నేను ఎనిమిదిన్నరకి ఆటో ఎక్కితేగాని తొమ్మిదింటికి శంకర్ నగర్‌లో మా ఆఫీసు చేరను. ఈలోగా టిఫిను, ఇద్దరికీ రెండు డబ్బాలు, ఇంట్లో ఉండే మా అత్తగారికి మధ్యాహ్నానికి అన్నం, కూర. ఇంకా పిల్లల్లేరేమిటని అడిగేవాళ్ళకి ఈ చిట్టా అంతా చదివి వినిపిస్తుంటాను. రెండోసారి అడగరు.

మా అత్తగారు శేషమ్మకి డెబ్బై దాటాయి. రైల్వే ఉద్యోగి భార్యగా విజయనగరం నుంచి వచ్చి రాయ్‌పూర్‌లోనే ఉండిపోయింది. పదేళ్ళుగా షుగరు. కిందటి దీపావళి తర్వాత పరీక్ష చేయిస్తే పరగడుపున రెండువందల ముప్ఫై వచ్చింది. డాక్టరు ఆ కాగితం మీంచి తలెత్తకుండా, నెల్లాళ్ళు చూద్దాం, తగ్గకపోతే రెండుపూటలా ఇన్సులిన్ తప్పదన్నాడు.

ఆవిడకి సూదంటే భయం. నాకు భయం లేదు, టైము లేదు. ఆవిడ చేతులు వణుకుతాయి కనక ఆ సూదులు వేయాల్సింది నేనే. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. నేను మాత్రం, అయితే ఇక నాలుగున్నరకే లేవాలన్నమాట అనుకుంటున్నాను. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

పక్క గదిలో కూర్చున్న డైట్ అమ్మాయి ఒక అచ్చుకాగితం ఇచ్చింది. పొద్దున ఇడ్లీలు, పూరీలు మానేసి గుప్పెడు ఉడికించిన శకర్‌కంద్ తినమని ఉంది అందులో. అంటే మన చిలగడదుంప. ఆ కాగితం మొత్తంలో నా మనసుకి హత్తుకున్న ముక్క అదొక్కటే. రుబ్బక్కర్లేదు, పులియబెట్టక్కర్లేదు. కుక్కర్లో అడుగున పప్పు, మధ్యలో బియ్యం, పైగిన్నెలో దుంపలు పెట్టేస్తే ఒకే మంట మీద అన్నీ అయిపోతాయి. అత్తగారి ఆరోగ్యం కోసమని అందరికీ చెప్పాను గాని, తేలిక అని చేశాను.

అయినా చెయ్యడం మాత్రం శ్రద్ధగానే చేశాను. మోవా బజార్లో సన్నవి, గట్టివి ఏరి తెచ్చి, మట్టి పోయేదాకా రుద్ది కడిగేదాన్ని. పీచంతా తొక్కలోనే ఉంటుందట, అందుకని తొక్క తియ్యకుండానే ముక్కలు కోసేదాన్ని. చెంచాడు నూనెలో ఆవాలు, మినప్పప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి, ముక్కలు అందులో వేసి ఒకసారి తిప్పి, కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగపప్పు చల్లి, దించాక నిమ్మకాయ పిండేదాన్ని. బెల్లం ఊసే లేదు.

మొదటిరోజు ప్లేటు ముందు పెడితే మా అత్తగారు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవాళ ఏటమ్మీ విశేషం?"

"విశేషమేం లేదత్తా. ఇకనుంచి రోజూ ఇదే. డాక్టర్ చెప్పారు."

"డాక్టరే సెప్పేడా? రోజూనా?"

"ఆదివారం తప్ప రోజూ. నాకు లేటవుతోంది, మాత్ర వేసుకుని తినెయ్యి."

ఆవిడ ప్లేటు మీద మూత పెట్టి వెళ్ళి, స్నానం చేసి వచ్చి, ఒక ముక్క కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. నా వంటకి ఇంత మర్యాదా అని ముచ్చటపడ్డాను. గీజరు మళ్ళీ వేయాల్సి వచ్చిందని విసుక్కున్నాను కూడా.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో గుర్తులేదు. డిసెంబరు చలి, ఆఫీసులో ఆడిటు, ఒళ్ళునొప్పులు. సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరేసరికి మా అత్తగారి అన్నం గిన్నె, కూర గిన్నె కడిగి బోర్లించి ఉండేవి. "గిన్నెలు ఖాళీయేనా అత్తా?" అని చెప్పులు విప్పుతూ అడిగేదాన్ని. "ఖాళీయే అమ్మీ" అనేది. రాత్రికి గ్లాసుడు మజ్జిగ, ఒక జామపండు చాలనేది. పెద్దవయసు కదా, ఆకలి మందగించి ఉంటుందనుకున్నాను. చేయాల్సిన రొట్టెలు రెండు తగ్గాయని లోలోపల సంతోషించాను. జాకెట్టు వదులైపోయి భుజం మీంచి జారుతుంటే, బరువు తగ్గడం మంచిదేలే అనుకున్నాను.

పైగా షుగరు నిజంగానే దిగింది. పదోరోజు ఇంట్లో మీటరు పెడితే నూట నలభై. మూడోవారానికి నూట పన్నెండు. ఆఫీసులో నీలిమ ఆ వంటకం కాగితం మీద రాసుకుంది. నేను కుర్చీ వెనక్కి వాలి, శ్రద్ధ ఉండాలి గాని మందులదేముంది అని ఉపన్యాసం ఇచ్చాను. ఇన్సులిన్ గండం గడిచినట్టేనని మహేంద్రకి ఫోన్ చేసి చెప్పాను.

నాలుగోవారం గురువారం మధ్యాహ్నం మూడున్నరకి పక్కింటి ఫణిశ్రీ ఫోన్ చేసింది.

"అక్కా, పెద్దమ్మ గేటు దగ్గర పడిపోయింది. ఒళ్ళంతా సెమటలు. మాట తడబడతంది. పంచదార నీళ్ళు పడతన్నాను, మింగుతంది. నువ్వు జల్దీ రా."

"గేటు దగ్గరికి ఎందుకెళ్ళింది?"

"ఆవుకి అన్నం పెట్టడానికి. రోజూ ఎల్తాది కదా."

'రోజూ' అన్న మాట ఆటోలో కూర్చున్నాక బుర్రకెక్కింది.

ఫణిశ్రీ, నేను కలిసి ఆసుపత్రికి తీసుకెళ్తే, షుగరు నలభై ఎనిమిది. సెలైను ఎక్కించారు. గంటకి ఆవిడ తేరుకుంది. మాత్ర వేసుకుని భోజనం మానేస్తే షుగరు ఇలాగే పడిపోతుందని, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టరు నాకేసి చూస్తూ హిందీలో చెప్పాడు. నేను మురిసిపోయిన ఆ నంబర్లన్నీ పస్తుల నంబర్లేనట. సరిగ్గా తినడం మొదలుపెట్టాక మళ్ళీ పరీక్ష చేసి, సోమవారం నుంచి ఇన్సులిన్ రాస్తానన్నాడు.

ఆయన వెళ్ళాక మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. మహేంద్ర ప్లాంటు నుంచి ఇంకా రాలేదు. కాళ్ళు పీకుతున్నాయి. ఆవిడ మీద జాలి కంటే కోపమే ఎక్కువగా ఉంది.

"అన్నం ఆవుకెందుకు పెట్టావత్తా?"

"ఉపాసం దుంప తిన్న నోటితో మెతుకెలా ముడతానమ్మీ? దోషం కాదేటి?"

మా వైపు శివరాత్రికి, ఈ ఊళ్ళో నవరాత్రులకీ ఏకాదశులకీ చిలగడదుంప ఉపవాసం తిండి. పొద్దున అది తిన్నారంటే ఆ రోజుకి అన్నం లేనట్టే, మళ్ళీ మర్నాడు తలస్నానం చేశాకే మెతుకు. నాకు తెలియందా? ఏటా శివరాత్రికి నేనూ అలాగే ఉంటాను. కాని ఐదింటికి కుక్కరు పెట్టేటప్పుడు నాకది ఉత్త టిఫిను. ఆవిడకి ఆ మొదటి ముక్కతోనే ఉపవాసం మొదలు. ఆదివారం ఇడ్లీలు పెట్టేదాన్ని కనక ఆ ఒక్కరోజు మాతో కూర్చుని కడుపునిండా తినేది. మేమిద్దరం ఇంట్లో ఉండి చూసేది ఆ ఒక్కరోజే.

"ఆదివారాలు తీసేసినా పంతొమ్మిది రోజులు. ఇన్ని ఉపవాసాలు ఎవరైనా ఉంటారా? నన్నొక్క మాట అడగొచ్చు కదా."

"డాక్టరు సెప్పేడన్నావు. ఇది కొత్తరకం పథ్యం గావోసు అనుకున్నాను."

"మరి పొద్దున్నే వండి పెట్టిన అన్నం ఎవరికనుకున్నావు?"

"గోవుకి. ఉపాసం ఉన్నోళ్ళు గోవుకి పెట్టాలి కదా. అంత పనిలో కూడా దానికి ఇడిగా వండి ఉంచుతన్నావు, ఎంత పద్ధతైన పిల్లో అనుకున్నాను."

అరవాలనిపించింది. అరిచే ఓపిక లేదు. గిన్నెలు ఖాళీయేనా అని రోజూ అడిగాను. తిన్నావా అని ఒక్కనాడూ అడగలేదు. ఆవిడ ఒక్క అబద్ధమూ ఆడలేదు.

"ఆకలెయ్యలేదా అత్తా?"

"ఏసింది. శానా ఏసింది." దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. "పదోరోజుకి ఇంక నా వల్ల కాదు, బస్, సాలు, నీతో సెప్పేద్దామనుకున్నాను. ఆ పొద్దునే నువ్వు మీటరు సూసి నవ్వేవు. నువ్వు నవ్వి ఎన్నాళ్ళయిందమ్మీ మనింట్లో? ఇంకొన్నాళ్ళు ఉంటే ఆ సూదుల పని నీకు తప్పిపోద్ది గదా అనుకున్నాను."

ఆరోజు నవ్వానో లేదో నాకు గుర్తు లేదు. ఆవిడకి గుర్తుంది. మొహం పక్కకి తిప్పుకుని, ఫణిశ్రీ పంపిన డబ్బా మూత తీశాను. అన్నం, పప్పు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. మెత్తగా కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాను.

ఆవిడ పెదాలు బిగించుకుంది. "ఇవాళ పొద్దున కూడా దుంప తిన్నాను కదమ్మీ."

"ఆ దోషం నాకు తగలనీ అత్తా. తిను."

"నీకెందుకు తగలాలి? ఇప్పటికే నీ నెత్తిన ఇన్నున్నాయి" అంది.

నా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆవిడ నా చేతి వంకా, నా మొహం వంకా చూసి, నోరు తెరిచింది.