రమ్య నవ్వించిన రోజు

మొగిలమ్మ మనవరాలు రమ్యకు కాళ్లు నిలవవు, మాట ముద్దగా వస్తుంది. పుట్టగానే ఏడవలేదని, అప్పుడే మెదడుకు దెబ్బ తగిలిందని దవాఖానలో చెప్పారు. కొడుకూ కోడలూ కొత్తవాడలో మరమగ్గాల పనికి పోతే పిల్లను చంకనేసుకుని తిరిగింది మొగిలమ్మే. రమ్య ఏమన్నా ముందు అర్థమయ్యేది ఆమెకే.

సర్కారు క్యాంపులో చక్రాల కుర్చీ ఇచ్చారు. బడి మెట్ల పక్కన ర్యాంపు కట్టారు. ఇలాంటి పిల్లల చదువు కోసం సర్కారు పెట్టిన సునీత మేడం ఇంటికొచ్చి మరీ ఒప్పించి, రమ్యను మూడో తరగతిలో చేర్పించింది. తోడుగా మొగిలమ్మ కూడా తరగతిలోనే కూర్చునేది. వెంకట్రాజం సార్ రమ్యను ఏదడిగినా, పిల్ల నోరు తెరిచేలోగా నాయినమ్మే జవాబు చెప్పేసేది. పోనుపోను సార్ కూడా రమ్యను వదిలి ముసలమ్మనే అడగడం మొదలుపెట్టాడు.

చాలా బళ్లు తిరగాల్సిన సునీత వారానికి ఒకటి రెండుసార్లే వస్తుంది. ఒకసారి ఈ తంతు చూసి మొగిలమ్మను పక్కకు పిలిచింది.

“అమ్మా, రేపటిసంది నువ్వు వరండాల కూసో.”

“దాని మాట ఎవలకు సమజైతది మేడం? దాని నోరు నేనే గద!”

“గదే నా ఫికర్. దాని నోరు దాన్ని తెరవనియ్యి. జర ఆలస్యమైతది, గంతే.”

సార్‌కూ అదే చెప్పి, రమ్య పక్కన సారిక అనే పిల్లను కూర్చోబెట్టింది.

మొగిలమ్మ వరండాలో కూర్చుంది కానీ ప్రాణమంతా లోపలే. ఒకరోజు తరగతి ఘొల్లున నవ్వింది. తన పిల్లనే వెక్కిరిస్తున్నారనుకుని ఒక్క ఉదుటున లోపలికి పోయింది.

“ఎవల్రా నవ్వుతాండ్లు? కాళ్లున్నయని మిడిసిపడుతాండ్లా?”

రమ్య ముఖం కందిపోయింది. “పో!” అంది.

సారిక లేచి నిలబడింది. “రమ్యను జూసి నవ్వలే అవ్వా. రమ్యనే మమ్ముల నవ్విచ్చింది. పెట్రోల్ లేకుంట నడిచేదేందని సార్ అడిగితె, ‘మా నాయినమ్మ, చాయ్ పోస్తె చాలు’ అన్నది.”

పిల్లలు మళ్లీ నవ్వారు. మొగిలమ్మకు నవ్వు రాలేదు. మెల్లగా బయటికొచ్చింది. ఆకలంటే తెలిసింది, నొప్పంటే తెలిసింది. ఈ పిల్లకు పరాచికాలు వచ్చని ఇన్నేళ్లలో తనకు తెలియనే లేదు. తెలిసేదాకా ఆగితే కదా!

సాయంత్రం కుర్చీ తోసుకుంటూ పోతుంటే రమ్య ముఖం పక్కకు తిప్పుకుంది. మొగిలమ్మ రోడ్డు పక్కన ఆపి ముందుకొచ్చి కూర్చుంది.

“అందరి ముందట నీ ఇజ్జత్ తీసిన బిడ్డా. తప్పే.”

రమ్య పెదవులు కదిలాయి. మొదటి ముక్క వినగానే మిగతాది తన నాలుక చివరికొచ్చినా మొగిలమ్మ పళ్లు బిగబట్టి ఆగింది. ఆటోలు, బండ్లు పోతున్నాయి.

“రే...పు... గేటు... కాడికే... రా.”

“సరే,” అంది. లేచి మళ్లీ కుర్చీ తోసింది.

మర్నాడు గేటు దగ్గర సారిక, ఇంకో పిల్ల కుర్చీ అందుకున్నారు. ర్యాంపు మధ్యలో చక్రాలు కొంచెం వెనక్కి జారాయి. మొగిలమ్మ అడుగు ముందుకేసి, గేటు ఊచ పట్టుకుని నిలబడిపోయింది. పిల్లలిద్దరూ “హయ్య” అని బలంగా తోశారు. కుర్చీ వరండా ఎక్కింది.

రమ్య వెనక్కి చూడలేదు. ప్రార్థన గంట కొట్టేదాకా ఉండి, మొగిలమ్మ ఇంటిదారి పట్టింది.