బలానికేలే, వేసుకో

ఆ లాండ్రీలో చీటీలు ఉండవు. బట్టలు తెచ్చినవాళ్ళకు రసీదు ఇవ్వరు, కాలరు లోపల నంబరు రాయరు. బల్ల వెనక ఎత్తు కుర్చీలో అమ్మమ్మ కూర్చుంటుంది. మూట విప్పి ఒక్కొక్క బట్టనూ వేళ్ళతో తడిమి పక్కన పెడుతుంది, అంతే. నాలుగు రోజుల తర్వాత ఆ మనిషి గుమ్మం ఎక్కుతుండగానే అతని బట్టలు బల్ల మీదికి వచ్చేస్తాయి. ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి.

"మా అమ్మ తల కంప్యూటరు" అని మామయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

"కంప్యూటరుకు కరెంటు పోతుందిరా, నాకు పోదు" అనేది అమ్మమ్మ.

అందుకే ఆ ఇంట్లో 'మర్చిపోయాను' అన్నది బూతుమాట కిందే లెక్క. అత్తయ్య కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోతే "ఇవాళ ఉప్పు తక్కువైంది" అనాలి. పిల్లి బళ్ళో గొడుగు వదిలేసి వస్తే "గొడుగు అక్కడే ఉండిపోయింది" అనాలి, గొడుగుదే తప్పన్నట్టు.

పిల్లి అంటే నిజం పిల్లి కాదు, అమ్మమ్మ మనవరాలు. పదహారేళ్ళు. తల్లీతండ్రీ పనిచేసే చోట పెద్ద బడి లేక ఇక్కడ ఉండి చదువుకుంటోంది. నడిస్తే అడుగుల చప్పుడుండదు, పిలిస్తే పలుకు బయటికి రాదు. కొత్తవాళ్ళు ఎదురైతే ఇస్త్రీ బట్టల దొంతర వెనక్కి జారుకుంటుంది. ఆ పేరు మామయ్య పెట్టాడు. అందరూ వాడారు.

గొడవంతా నల్లకోటుతో మొదలైంది. మూడు నెలల కింద మామయ్య ఒక పెద్ద హోటలు బట్టలన్నీ ఒప్పుకున్నాడు. ఇస్త్రీకి వచ్చే వడ్డించేవాళ్ళ నల్లకోట్లే నలభై. అందులో ఒకటి వకీలుగారి ఇంటికి వెళ్ళిపోయింది. ఆయన అది తొడుక్కుని కోర్టుకు వెళ్ళి, జడ్జిగారి ముందు జేబులోంచి తన కాగితమనుకుని ఒకటి తీసి, "రెండు సూపులు, ఒకటి ఉప్పు లేకుండా" అని చదివాడు. సాయంత్రం లాండ్రీ ముందు నిలబడి వీధి వీధంతా వినేలా కేకలేశాడు.

అమ్మమ్మ ఆయన కోటు వెతికి ఇచ్చింది. "పొరపాటైంది బాబూ" అంది. ఇంకో మాట అనలేదు. మాటకు మాట వడ్డీతో ఇచ్చే మనిషి అలా ఊరుకోవడం చూసి ఇంట్లో ముగ్గురూ భయపడ్డారు. ముగ్గురూ ఒకటే అనుకున్నారు. ఒక్కరూ నోటితో అనలేదు.

వారం తర్వాత ఒకరోజు బడి నుంచి వస్తూ పిల్లి మందుల షాపులోకి వెళ్ళింది. ఒక అలమర నిండా జ్ఞాపకశక్తి డబ్బాలే. ఒకదాని మీద మెదడు కళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతోంది. ఒకదాని మీద ఒకాయన తల బల్బులా వెలుగుతోంది. ఇంకోదాని మీద ఆకులు, ఆకుల మీద నీటి చుక్కలు. ముందువైపు 'ఏకాగ్రత' అని అరచెయ్యంత అక్షరాలు, వెనకవైపు చీమ తలంత అక్షరాలు. ఏది తియ్యాలో తెలియక ఒకదాని తర్వాత ఒకటి తీసి, చూసి, పెట్టేస్తోంది.

"ఎవరికమ్మా?" అని అడిగింది మందులావిడ.

అమ్మమ్మకు అని చెప్పాలి. అలా చెబితే అమ్మమ్మ మర్చిపోతోందని పరాయి మనిషికి చెప్పినట్టే.

"నాకే. పరీక్షలు" అంది.

"అయితే ఈ పొడి తీసుకో. మగత రాదు, చురుగ్గా ఉంటావు."

ఆ సాయంత్రమే పాలలో ఒక చెంచా కలిపి ఇచ్చింది. అమ్మమ్మ గ్లాసులోకి తొంగిచూసి మొహం చిట్లించింది.

"ఏమిటే ఈ బురద రంగు?"

"బలానికేలే అమ్మమ్మా, తాగు."

"నీదీ బలమేనా? పొద్దున్నే మీ మామయ్య ఒక గొట్టం మాత్ర ఇచ్చి బలానికేలే వేసుకో అంటాడు. పడుకోబోయే ముందు మీ అత్తయ్య ఒక మాత్ర ఇచ్చి బలానికే అంటుంది. ఏం, నన్ను కుస్తీ పోటీలకు పంపుతున్నారా?"

పిల్లి నవ్వింది. ఆ మాట చెవిన పడింది కానీ తలకెక్కలేదు.

రెండు వారాల్లో అమ్మమ్మ మనిషి మనిషిలా లేకుండా పోయింది. తెల్లారకముందే లేచి ఇల్లంతా తిరుగుతుంది, పదింటికల్లా బల్ల మీద తల వాల్చేస్తుంది. చేతులు వణుకుతున్నాయి. బ్యాంకు మేనేజరు చొక్కాలు నర్సుకూ, నర్సు యూనిఫాం బ్యాంకు మేనేజరుకూ వెళ్ళాయి. ఆయన నవ్వుతూనే తిరిగిచ్చాడు కానీ ఆ నవ్వు చూసి మామయ్య మొహం మాడిపోయింది.

శనివారం మధ్యాహ్నం వెనకగదిలో, ఇస్త్రీ పెట్టెల ఆవిరిలో, మామయ్య గొంతు తగ్గించి చెప్పాడు. "సోమవారం నుంచి అన్ని బట్టలకూ చీటీలు. బల్ల దగ్గర మీ అత్తయ్య కూర్చుంటుంది. అమ్మ ఇక ఇంట్లోనే."

"అమ్మమ్మకు చెప్పావా?" అంది పిల్లి, వినీ వినపడనట్టు.

"మెల్లగా చెబుతాలే. నీకెందుకే?"

ఆ కుర్చీ తీసేస్తే అమ్మమ్మ ఏమైపోతుందో పిల్లికి తెలుసు. గోడ వైపు తిరిగి పడుకుంటుంది, అంతే. పొడి చాలలేదేమో, ఇంకా గట్టిది కావాలేమో అనుకుంటూ పరుగున మందుల షాపుకు వెళ్ళి ఖాళీ డబ్బా బల్ల మీద పెట్టింది.

మందులావిడ డబ్బా చూసింది, పిల్లను చూసింది. "నెల రావాల్సింది రెండు వారాల్లో అయిపోయిందా? ఏదీ, చెయ్యి చాపు. వణకట్లేదు. కళ్ళ కింద నలుపు లేదు. ఇది తాగేది నువ్వు కాదు. ఎవరమ్మా?"

"... అమ్మమ్మ. చెంచా చాలదేమోనని రెండు చెంచాలు వేశాను."

"ఎన్నేళ్ళావిడకు?"

"అరవై తొమ్మిది."

"ఓరి దేవుడా. ఇంకేం వాడుతోంది?"

ఇంకేమీ లేదండీ అనబోయింది. అప్పుడు గుర్తొచ్చింది కుస్తీ పోటీల మాట. ఇంటికి పరుగెత్తి, మామయ్య సొరుగులోంచి ఒక సీసా, అత్తయ్య పౌడరు డబ్బా వెనక నుంచి ఒక మాత్రల అట్ట తీసి, రుమాలులో మూటకట్టి తెచ్చింది.

మందులావిడ భూతద్దం పెట్టి మూడూ చదివింది. చదువుతున్నకొద్దీ ఆమె పెదవులు బిగుసుకున్నాయి.

"ఈ గొట్టాల్లో కెఫిన్ ఉంది. నీ పొడిలోనూ కెఫినే. పొద్దున ఒక మోతాదు, సాయంత్రం రెండు మోతాదులు. ఆ వయసులో నిద్రెలా పడుతుంది? నిద్ర పట్టట్లేదని ఈ మాత్ర. ఇది పెద్దవాళ్ళకు ఇవ్వకూడని రకం, మర్నాడంతా తల దిమ్ముగా ఉంచుతుంది. ఆ దిమ్ము చూసి మీరు ఇంకో గొట్టం. ఇవన్నీ మింగితే నాకే నా ఇంటిదారి గుర్తుండదు. అన్నీ ఆపి డాక్టరుకు చూపించండి."

పిల్లికి తల నుంచి పాదాల దాకా మంట లేచింది. "మొదటిసారే ఎందుకు చెప్పలేదండీ?" అంది. అంత పెద్ద గొంతు తనకుందని అప్పటిదాకా ఆమెకే తెలియదు.

"ఎవరికని అడిగాను కదమ్మా. నాకే అన్నావు."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. మూడింటినీ రుమాలులో మూటకట్టుకుని వెనక్కి తిరిగింది. దారి పొడుగునా పళ్ళు కొరుక్కుంటూనే ఉంది. మామయ్య మీద కోపం, అత్తయ్య మీద కోపం, బల్బు తలకాయ బొమ్మ వేసినవాడి మీద కోపం. అన్నింటికన్నా, షాపులో నోరు పెగలని ఆ పిల్ల మీద కోపం.

లాండ్రీలో మామయ్య కొత్త చీటీల కట్టలు విప్పుతున్నాడు. అత్తయ్య వాటికి దారాలు కడుతోంది. కర్టెన్లు తెచ్చిన ఒక పెద్దమనిషి బల్ల ముందు నిలబడి ఉన్నాడు. అమ్మమ్మ కుర్చీలో కునుకుతోంది.

పిల్లి రుమాలు మూట చీటీల మీద దబ్బున పడేసింది.

"అమ్మమ్మకు మతిమరుపు రాలేదు మామయ్యా. మనమే తెప్పించాం!"

"పిల్లి అరిచిందిరోయ్!" అని నవ్వాడు మామయ్య. సీసా కనబడగానే నవ్వు ఆగిపోయింది. "నా సొరుగు ఎవరు తియ్యమన్నారే నిన్ను?"

"నెమ్మదిగా మాట్లాడవే, బయటి మనుషులున్నారు" అంది అత్తయ్య.

"ఉండనీ! నువ్వు పొద్దున నిద్ర చెడగొట్టే మందు పెట్టావు, అత్తయ్య రాత్రికి మత్తుమందు పెట్టింది. మధ్యలో నేను. ఎవర్నడిగి పెట్టావు?"

"నా తల్లి బాగు కోసం పెట్టాను. నువ్వెవర్నడిగావు?"

"ఎవర్నీ అడగలేదు! నేనూ నీలాంటిదాన్నే. అందుకే ఒళ్ళు మండిపోతోంది!"

"ఏమిటా గోల?" అమ్మమ్మ కళ్ళు తెరిచింది. ఎర్రగా, వాచిపోయి ఉన్నాయి. "ఆ డబ్బాలు ఇలా తే. ఇవి నా బలం మందులేగా? మీద ఏం రాసుందో చదువు."

పిల్లి సీసా అందుకుంది. "జ్ఞాపకశక్తికి, ఏకాగ్రతకు" అని చదివింది. రెండోదీ చదివింది, "జ్ఞాపకశక్తికి." మూడోది చదవబోతుంటే అమ్మమ్మ చెయ్యెత్తి ఆపింది.

"అంటే నా తల చెడిందని ముగ్గురూ అనుకున్నారన్నమాట. మొహం మీద అనే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. కుక్కకు మాత్ర వెయ్యాలంటే రొట్టెలో చుట్టి పెడతారు. నాకూ అలాగే పెట్టారు."

"అది కాదమ్మా, ఆ కోటు విషయంలో..." అని గొణిగాడు మామయ్య.

"కోటా? వకీలు కొక్కేనికి హోటలు కోటు తగిలించింది ఎవర్రా? నువ్వు. కొక్కెం చూసి, తడమకుండా ఇచ్చేశాను. అది నా తప్పు. తగిలించింది నీ తప్పు. పదిమందిలో కొడుకు పరువు తియ్యడమెందుకని నోరు మూసుకున్నాను. నోరు మూసుకుంటే అందులో మాత్రలు వేస్తారని నాకేం తెలుసు!"

మామయ్య తల దించుకున్నాడు. అత్తయ్య చేతిలో దారం చిక్కుపడిపోయింది. అమ్మమ్మ ఈసారి మనవరాలి వైపు తిరిగింది. గొంతు తగ్గింది కానీ అందులో వేడి తగ్గలేదు.

"వాడు మొద్దు, వాణ్ణి కన్ననాడే తెలుసు. నువ్వు పుస్తకాలు చదువుతావు కదే. నువ్వు కూడానా?"

పిల్లికి ఏడుపు తన్నుకొస్తోంది. ఏడిస్తే అమ్మమ్మ జాలిపడుతుంది, ఆ జాలి తీసుకునే అర్హత తనకు లేదనిపించింది. పళ్ళు బిగించి నిలబడింది.

"సోమవారం డాక్టరు దగ్గరికి వెళతాను" అంది అమ్మమ్మ. "నా బదులు ఎవరూ మాట్లాడొద్దు. నా తలలో నిజంగానే లోపముందని ఆయనంటే ఆయన మొహం చూస్తూ వింటాను. చీటీలంటావా, హోటలు బట్టలకు కట్టుకో, వద్దనను. నలభై కోట్లు ఒకేలా ఉంటే దేవుడికైనా తెలియవు. కుర్చీ మీద మాత్రం చెయ్యి వేశావంటే చూడు."

"లేదమ్మా. నువ్వే కూర్చో."

"నువ్వు కూర్చోమంటే కూర్చునేదాన్నా? ఇది నా కుర్చీ."

కర్టెన్ల పెద్దమనిషి చిన్నగా దగ్గాడు. వెళ్ళిపోవాలో ఉండాలో తెలియక ఇందాకటి నుంచీ మూట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. అమ్మమ్మ ఆ మూట అందుకుని విప్పింది. గుడ్డ మీద వేళ్ళు గజగజ వణికాయి. ఒకసారి తడిమింది, మళ్ళీ తడిమింది, వదిలేసింది.

"మీ విషం దిగేదాకా నా వేళ్ళకు తెలియదు. ఇటు రావే. ఆ చీటీ తీసుకుని నా పక్కన నించో. ఆయన్ని ఊరూ పేరూ అడిగి రాసుకో."

పిల్లి వెళ్ళి కుర్చీ పక్కన నిలబడింది. ఎదురుగా కొత్త మనిషి, ఎప్పటిలాగే బట్టల దొంతర వెనక్కి జారుకోవాలనిపించింది. కానీ కోపం ఇంకా దిగలేదు. పెన్ను మూత పీకింది.

"మీ పేరేమిటండీ?"

ఆ మనిషి ఉలిక్కిపడి పేరుతో పాటు వీధీ, ఇంటి నంబరూ, అడగని ఫోను నంబరూ గబగబా చెప్పేశాడు.

"అంత గట్టిగా ఎందుకే, ఆయనేం చేశాడు పాపం" అంది అమ్మమ్మ.

"ఎప్పటికి కావాలండీ?" అని అడిగింది పిల్లి. గొంతు ఏమాత్రం తగ్గలేదు.