పదహారు రీడింగులు

పొద్దున ఎనిమిదిన్నరకు అంతోనయ్య నీళ్ల పరీక్ష ల్యాబు వెనక, మిషన్ల ఎర్తింగు తీగ దిగిన గుంత దగ్గర గొంతుక్కూర్చుని చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఆ కాస్త నేల మే నెలలో పొద్దున తడిపితే మధ్యాహ్నానికి పగుళ్లిస్తుంది. అది ఎండితే లోపల మీటరులో అంకె నిలవదు. ముప్పై ఏళ్లుగా రోజుకు రెండుసార్లు ఇదే పని.

"మాకు తాగనీకి మంచినీళ్లు లేవు, నువ్వు మట్టికి తాపుతున్నవా సారూ?" అంది వెనకనుంచి గోరి. టేకులపల్లి అవతలి తండా నుంచి మొదటి బస్సుకు వచ్చింది. సంచిలో రెండు సీసాల బోరునీళ్లు.

"అవ్. ఇది తాగితేనే మిషన్ నిజం చెప్తది."

మార్చిలో ఆ గుంతకు నీళ్లు పోసేవాళ్లు లేరు. ఛాతీ నొప్పితో ఆయన ఐదురోజులు దవాఖానాలో ఉన్నాడు. తిరిగొచ్చిన రోజే ఈ బోరునీళ్లు పరీక్షకు వచ్చాయి. నీరసంలో గుంత వైపు చూడలేదు. ఒక్కసారే రీడింగు తీసి, 1.3 అని రాసి సంతకం పెట్టాడు. ఒకటిన్నర దాటితేనే ఫ్లోరైడు ఎక్కువన్నట్టు. నీళ్లు మంచివేనని రిపోర్టు పోయింది, తండాకు వచ్చే ట్యాంకరు ఆగింది. గోరి మనుమడి కాళ్లు అంతకుముందే మోకాళ్ల దగ్గర లోపలికి వంగాయి; ఇప్పుడు వాడికి మళ్లీ ఆ నీళ్లే.

ఈ ల్యాబుకు ఇదే చివరి రోజు. ఐదింటికి మిషన్లు ఖమ్మం పోతాయి. ఆలోపు ఆ నీళ్లు మళ్లీ చూస్తానన్నాడు.

"తప్పు రిపోర్టంటే మీ మీదికే వస్తది అంతోనయ్య గారూ. పెన్షన్ ముందర ఎందుకు?" అంది ఆఫీసరు ఉదయశ్రీ. ఆయన కూతురంత వయసు.

"రానీ మేడం. తప్పు నాదే గద."

ఆమె కొత్త ఫారం తీసి ఇచ్చింది. "మీ సంతకంతో కొత్తది ఇయ్యండి. ఐదు లోపల పైకి పంపుత. సంతకం లేకుంటే నేనేం చెయ్యలేను."

ఆయన ఫ్యాను ఆపాడు. ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు. సెల్‌ఫోను వరండాలో పెట్టి వచ్చాడు. అంకెను ఊపేవి ఇవన్నీ. చెప్పకుండానే ఉదయశ్రీ తన గదిలో కూలరు కూడా ఆపేసింది. ఆ చప్పుడు ఆగడం విని ఆయన అటు తిరిగి తల వంచాడు.

1.5. 1.8. 1.4. ప్రతిసారీ బీకరు కడిగి, ఎలక్ట్రోడు తుడిచి, మళ్లీ కొత్తనీళ్లు. అంకె పైకీ పోతుంది, కిందికీ పోతుంది. పదహారుసార్లు తీసి సగటు కడితే ఆ ఊగుడు నాలుగోవంతుకు తగ్గుతుందని డిగ్రీలో మాస్టారు బోర్డు మీద చేసి చూపించారు. అంతోనయ్య చదువులో అక్కరకొచ్చింది ఆ ఒక్క లెక్కే. గోరి కిటికీ అవతల నిలబడి అట్టముక్కతో ఆయనకు విసురుతోంది.

"ఒక్కపాలి చూస్తే సాలదా సారూ?"

"అప్పుడు ఒక్కపాలే చూసిన."

పన్నెండు రీడింగులు అయ్యాక పెరుగన్నం తిన్నాడు. భార్య సంపూర్ణ పోయాక డబ్బాలో ఉండేది అదే. గోరి కొంగులోంచి దోసకాయ తీసి ఇచ్చింది. సగం కోసి ఆమెకే ఇచ్చాడు. తరువాత చెంబు పట్టుకుని గుంత దగ్గరకు వెళ్లాడు. సగం పోసేసరికి ఊపిరి అందలేదు. చెంబు అక్కడే దించి, గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు.

మిగిలిన నాలుగు రీడింగులు తీశాడు. కూడితే 25.9. పదహారుతో భాగిస్తే 1.62. ఫారం మీద శుభ్రంగా రాశాడు. పెన్ను మూత పెట్టలేదు. సంతకానికి ముందు ఊపిరి కుదుటపడనీ అని తల గోడకు ఆనించాడు.

మూడున్నరకు ఉదయశ్రీ పిలిస్తే పలకలేదు. చెయ్యి చల్లగా ఉంది. ఎదురుగా మీటరులో 1.6 కదలకుండా వెలుగుతోంది.

అంబులెన్సు వచ్చి వెళ్లాక గోరి గుమ్మం దగ్గరికి వచ్చింది. "మా నీళ్ల సంగతి ఏమాయె మేడం?"

"ఒకటి పాయింట్ అరవై రెండు. ఎక్కువనే ఉందని రాసిండు," అంది ఉదయశ్రీ కాగితం చూస్తూ. "సంతకం పెట్టలే."

"మల్ల?"

ఉదయశ్రీ ఆ కాగితాన్ని ఫైలులో పెట్టి మూసింది. గోరి ఖాళీ సీసాలు సంచిలో వేసుకుని బస్సుకు నడిచింది.

ఐదింటికి మీటరును అట్టపెట్టెలో పెట్టి తీసుకుపోయారు. వెనకాల గుంత అప్పటికే పగిలింది. దాని పక్కన, సగం నీళ్లతో, చెంబు.