ఏడు అతుకుల క్యాసెట్టు

నేను ఒక క్యాసెట్టుని. నా పొట్టలో ఉన్నవి భక్తి గీతాలూ కావు, సినిమా పాటలూ కావు. సికింద్రాబాదులో ఒకప్పుడు ‘రస్టీ యాంకర్’ అని ఒక రాక్ బ్యాండు ఉండేది. నలుగురు మనుషులు, జులపాల జుట్టు, చెవులు దద్దరిల్లే గిటార్లు. వాళ్లు కలిసి వాయించిన ఆఖరి కచేరీ నా దగ్గరే ఉంది. తర్వాత మూడు నెలలకే వాళ్లు తిట్టుకుని విడిపోయారు, ఒక్క రికార్డు కూడా వేయలేదు. అంటే ఆ బ్యాండుకి లోకంలో మిగిలిన గుర్తు నేనొక్కదాన్నే. కాబట్టి నా మాటల్లో కాస్త పొగరు కనిపిస్తే మీరే సర్దుకోవాలి.

నా పుట్టుకలో పెద్ద విశేషమేమీ లేదు. ఒక ప్లాస్టిక్ డొల్ల, రెండు చక్రాలు, వాటి మధ్య తుప్పు రంగు పూసిన రిబ్బను. జనరల్ బజారులో ఒక షాపు అద్దాల వెనక ఆర్నెల్లు ఎండకి మాడాను. 1986లో పురంధర్ నన్ను కొన్నాడు. టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తా. పాటంటే ప్రాణం పెట్టేవాళ్లని మీరు చూసే ఉంటారు. ఇతను ఆ రకం కాదు. ఇతనికి పాట కన్నా, ఆ పాట తన బీరువాలో తప్ప ఇంకెక్కడా లేదన్న సంగతి ఎక్కువ ఇష్టం.

ఆ రోజుల్లో ఆదివారం పదకొండింటికి రైల్వే క్లబ్బు హాల్లో జామ్ సెషన్లని బ్యాండ్ల కచేరీలు జరిగేవి. టేప్ రికార్డర్ తేకూడదని గుమ్మం దగ్గరే చెప్పేవాళ్లు. రస్టీ యాంకర్ వాయించే ఆదివారం, చేతిలో రికార్డరు పెట్టుకుని పురంధర్ ఆ గేటు బయటే ఆగిపోయాడు.

“దొరికితే పరువు వోతదిరా. గవర్నమెంటు నౌకరీ నాది.”

“ఇటియ్యి,” అన్నాడు పక్కనున్న ఏలియా. “నన్నెవడు అడుగుతడు?”

ఏలియా అతనికి బళ్లో నుంచీ స్నేహితుడు. వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. రోజంతా ఇనుము మోగే చోట పని చేసేవాడు కనక, మామూలుగా మాట్లాడినా వీధి చివరకి వినిపించేది. నన్ను పెట్టిన రికార్డర్ని చొక్కా లోపల పొట్టకి తువ్వాలుతో కట్టుకుని, చిన్న మైకు కాలరు కింద దోపుకుని, కాపలావాడికి దండం పెట్టి మరీ లోపలికి నడిచాడు, వెనకాలే పురంధర్.

నలభై నిమిషాలు ఏలియా ఒంటి మీద ఉన్నాను. పాటలన్నీ బాగా పట్టాను. ఏలియాని అంతకన్నా బాగా పట్టాను, మైకు అతని గొంతు కిందే ఉంది మరి! పాటకీ పాటకీ మధ్య “లెస్లీ అన్నా, ఇంకోటి కొట్టన్నా!” అని గిటారు వాయించేవాణ్ని చూసి అరిచేవాడు. ఈలలు వేసేవాడు. ఒకచోట నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకున్నాడు, నేను కూడా ఊగిపోయాను. ఆఖరి పాట అయ్యాక మాత్రం గొంతు తగ్గించి, “పురం, ఏడుస్తున్నవా రా? నేను గూడ ఏడుస్తున్న,” అన్నాడు. మొత్తం ఏడు చోట్ల ఉన్నాడు ఏలియా.

మూడేళ్లు బాగానే గడిచాయి. తర్వాత పురంధర్‌కి నాలుగైదుగురు టేపుల పిచ్చివాళ్లతో సావాసం కుదిరింది. దొంగ రికార్డింగులు పోగుచేసే పెద్దమనుషులు. ఆదివారం మధ్యాహ్నం కలిసి కూర్చుని, కళ్లు మూసుకుని, కాగితం మీద తప్పులు రాసుకుంటూ వింటారు. జనం చప్పుడు ఎంత ఉంటే టేపుకి అంత విలువ తక్కువ. వాళ్లలో నాగభూషణం గారని రిటైరైన బ్యాంకు మేనేజరు ఒకాయన నన్ను మొత్తం విని, కళ్లజోడు తుడుచుకుంటూ అన్నాడు:

“బంగారం లాంటి టేపండీ పురంధర్ గారూ. కానీ మధ్యలో ఎవడో కూలీ వెధవ గోల చేస్తున్నాడే! ఎవడండీ వాడు?”

“ఎవడో అండీ. జనంలో ఎవడో,” అన్నాడు పురంధర్.

ఆ వారమే నా పొట్ట విప్పాడు. ఐదు స్క్రూలు తీసి, వేలితో రిబ్బను తిప్పుకుంటూ, ఏలియా నోరు విప్పిన చోటల్లా షేవింగు బ్లేడుతో కోశాడు. కావాలంటే ఇంకో క్యాసెట్టు మీదకి ఎక్కించి అందులో తీసేయొచ్చు. కానీ వీళ్లకొక పట్టింపు ఉంది: కాపీ చేస్తే గరగర పెరుగుతుంది, ఒరిజినల్ ఒరిజినలే. అలా ఒరిజినల్‌ని కాపాడుకోవడానికి ఒరిజినల్‌నే కోసిన మేధావి! రెండో వైపు ఖాళీయే కనక అటేమీ పాడవలేదు. ఏడు కోతలు, ఏడు అతుకులు. రాలిన ముక్కల్ని చీపురుతో ఊడ్చి చెత్తబుట్టలో పోశాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పూట నాకు కూడా గర్వంగానే అనిపించింది. తర్వాతి ఆదివారం నాగభూషణం గారి కాగితం మీద ఒక్క తప్పు కూడా పడలేదు.

తర్వాత ఏలియా పెళ్లి చేసుకున్నాడు. కూతురు పుట్టింది, షారోను. పాపకి మూడో నెల నడుస్తుండగా ఏలియా గొంతులో పుండు కాన్సరని తేలింది. ప్రాణం నిలబెట్టి గొంతు తీసేశారు డాక్టర్లు. మెడ ముందు ఒక రంధ్రం, దాని మీద గుడ్డ. మాట లేదు, నవ్వితే గాలి తప్ప చప్పుడు లేదు. చేతిలో ఒక పలక.

పాపకి ఆరేళ్లు వచ్చాక, ఒక సెలవు రోజు పొద్దున్నే తండ్రీ కూతుళ్లు ఇద్దరూ పురంధర్ గది తలుపు తట్టారు. ఏలియా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పలక మీద రాశాడు: ‘క్లబ్బు టేపు. పాపకి వినిపియ్యాలె.’

పురంధర్‌కి అర్థం కాలేదనుకుందేమో, పాప విడమరిచి చెప్పింది. “మా నాన్న మాటలు మీ క్యాసెట్ల ఉన్నయంట అంకుల్. నేనెప్పుడూ వినలె. పెండ్లి వీడియో ఉంది గని, దాంట్ల మాటలు తీసేసి సిన్మా పాటలేసిన్రు.”

ఉన్న సంగతి అప్పుడే చెప్పేయొచ్చు. కోశానురా, తప్పయిపోయిందిరా అంటే ఏలియా తిట్టలేడు కూడా. పురంధర్ టీ తెప్పించాడు. నన్ను మెషీన్లో పెట్టి మీట నొక్కాడు.

మొదటి పాట అయిపోవస్తుండగా ఏలియా వేలు పైకెత్తాడు, ఇప్పుడొస్తుంది చూడమని. పాప స్పీకరుకి చెవి ఆనించింది. రెండో పాట మొదలైంది. వేలు అలాగే ఉంది. రెండోది అయింది. “ఇప్పుడా నాన్నా?” అంది పాప. తలూపాడు. మూడోది మొదలైంది. గాయకుడు గొంతెత్తినప్పుడు “ఇదేనా?” అంది ఆశగా. కాదన్నాడు. నాలుగో పాటకి ఏలియా వేలు దించేశాడు. పాప మాత్రం చెవి తియ్యలేదు. చివరి వరకూ అలాగే కూర్చుంది, చెంప మీద స్పీకరు జాలీ గుర్తులు పడ్డాయి. నాకు సిగ్గేసింది. కానీ నేనేం చేయను, నా దగ్గర ఏది ఉంటే అదే వినిపించగలను.

చక్రాలు ఆగాక పురంధర్ గొంతు సవరించుకున్నాడు.

“ఆ రోజు మీ నాన్న అస్సలు మాట్లాడలేదు పాపా. నోరు మూసుకొని పాటలు విన్నడు. ఆయనే మర్చిపోయిండు.”

ఏలియా నోరు తెరిచాడు. మెడ మీది గుడ్డ ఒకసారి ఎగిరి పడింది, అంతే. పాప తండ్రి వైపు అనుమానంగా చూసింది. ఆ చూపుకి అతను మొహం తిప్పుకున్నాడు.

ఏలియా లేచి మెషీన్లోంచి నన్ను బయటకి తీశాడు. చక్రంలో వేలు పెట్టి, రిబ్బనుని వెలుతురుకి పెట్టి నెమ్మదిగా తిప్పుతూ పోయాడు. తెల్లటి అతుకు ఒకటి కనిపించింది. గోటితో తడిమాడు. ఇంకాస్త తిప్పాడు, ఇంకొకటి. మిగతావి వెతకలేదు. నన్ను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, పలక తుడిచి, రెండు మాటలు రాసి పురంధర్‌కి చూపించాడు. కొత్తగా చదువు వచ్చిన పిల్ల, ఊరుకుంటుందా? కూడబలుక్కుని పైకి చదివింది.

“బా-గ... అ-తి-కిం-చి-న-వ్. అంటే ఏంది అంకుల్?”

“మెచ్చుకుంటున్నడమ్మా మీ నాన్న,” అన్నాడు పురంధర్.

వాళ్లు వెళ్లిపోయారు. మెట్ల మీద పాప ఏదో అడుగుతూనే ఉంది, జవాబు మాత్రం వినిపించలేదు. పురంధర్ తలుపు గడియ పెట్టుకుని నన్ను మళ్లీ మెషీన్లో వేశాడు. ఏలియా గోరు తగిలిన చోటికి తిప్పి, కళ్లు మూసుకుని విన్నాడు. నమ్మకం కుదరక మళ్లీ వెనక్కి తిప్పి విన్నాడు. పాట నుంచి పాటకి నున్నగా జారిపోయింది, అతుకు ఉన్నట్టు కూడా తెలియలేదు. తృప్తిగా తలాడించి, ఏలియా ముట్టుకోని టీ కూడా తనే తాగేశాడు.