వంతు నీళ్లకు ఒక్క నక్షత్రం

గురువారం పొద్దున కొట్టు తెరిచి, షోకేసులో కళ్లజోళ్ల మీద దుమ్మయినా దులపకుండా ఫోన్ తీసిన సత్యప్రసాద్‌కి తన ఊరి మీద వేరే ఎవరిదో జెండా ఎగురుతూ కనిపించింది.

ఊరంటే నిడదవోలు కాదు. నిడదవోలు నిక్షేపంలా ఉంది. జెండా మారింది ‘రివర్‌మార్క్’ అనే ఆటలో అతను ఎనిమిది నెలలుగా ఇటుక ఇటుక పేర్చి కట్టుకున్న ఊరికి. ఆ ఊరికి కాలవగట్టు అని పేరు పెట్టుకున్నాడు. అందులో బజారుంది, బడి ఉంది, రెండు రేవులున్నాయి, నది నీళ్లు ఆపడానికి పెద్ద తూముంది. తూము పక్కన లస్కరుకి ఒక పెంకుటిల్లు కూడా ఉంది. ఆ ఆటలో లస్కరనే ఉద్యోగమే లేదు. అయినా తూమన్నాక షట్టర్లు ఎత్తి దించే మనిషి లేకపోతే ఎలాగని, కాపలావాడి ఇంటిని పట్టుకొచ్చి అక్కడ కట్టి తృప్తిపడ్డాడు. ఇంటర్ చదివే కూతురున్న పెద్దమనిషి చేసే పనేనా ఇది అని భార్య శ్రీదుర్గ చాలాసార్లే అడిగింది.

అసలు రివర్‌మార్క్ ఆడటమే ఒక శిక్ష. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో వచ్చి ఒకే నది ఒడ్డున ఊళ్లు కడతారు. ఇళ్లు కడితే జనం వస్తారు, జనం వస్తే రోగాలొస్తాయి, రోగాలు తగ్గాలంటే మురుగు కాలవలు తవ్వాలి, తవ్వాలంటే ఇనుము కావాలి, ఆ ఇనుము పక్క ఊరివాడి దగ్గర ఉంటుంది, వాడేమో బ్రెజిల్‌లో గురక పెట్టి నిద్రపోతుంటాడు. పన్నులే పద్నాలుగు రకాలు. ఏ బటన్ నొక్కినా దాని కడుపులోంచి ఇంకో అయిదు బటన్లు బయటికొస్తాయి. ఆడేవాళ్లు రాసే అభిప్రాయాలు చదివితే వాళ్లు మెచ్చుకుంటున్నారో ఏడుస్తున్నారో తెలియదు. “ఆరు వందల గంటలు ఆడాను, పన్ను ఎలా తగ్గించాలో ఇంకా అంతుబట్టలేదు, అయిదు నక్షత్రాలు” అని ఒకడు రాశాడు. “నేర్పించే పాఠం పూర్తి చేసేసరికి మా అబ్బాయికి మీసాలొచ్చాయి” అని ఇంకొకాయన. వీటిని చదువుకుని సత్యప్రసాద్ కొట్లో ఒక్కడే నవ్వుకునేవాడు.

ఇంత తలనొప్పిని అతను కోరి నెత్తికెత్తుకున్నది విజయ్ పాల్ కోసం. విజయ్ పాల్ రాజమండ్రిలో హైస్కూల్ మాస్టారు. ఇద్దరూ డిగ్రీలో ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టినవాళ్లు. పెళ్లిళ్లయి ఎవరి సంసారాల్లో వాళ్లు పడ్డాక వాళ్ల స్నేహం క్రిస్మస్‌కి ఒక మెసేజీ, ఉగాదికి ఒక మెసేజీ అన్నంతగా చిక్కిపోయింది. నిరుడు విజయ్ పాల్ ఈ ఆట సంగతి చెప్పి, “దిగువన నేను కడతాను, ఎగువన నువ్వు కట్టరా, సరదాగా ఉంటది” అన్నాడు. ఆ రోజు నుంచి మళ్లీ పాత రోజులొచ్చాయి. మాటలు తక్కువే, అవి కూడా ఆటలోనే. కానీ దిగువన వాడి దీపాలు వెలుగుతుంటే సత్యప్రసాద్‌కి పక్కింట్లో మనిషున్నంత ధైర్యంగా ఉండేది.

ఇక నీళ్ల సంగతి. నది ఎగువనున్నవాడు తూము మూసేస్తే దిగువవాడి చేలు ఎండిపోతాయి. తక్కిన ఆటగాళ్లంతా దీన్ని అడ్డం పెట్టుకుని బెదిరించి బతుకుతారు. సత్యప్రసాద్‌కి అది చేతకాలేదు. వాళ్ల నాన్నకి కాలవ శివారున, నీళ్లు అందరికన్నా ఆఖర్న అందే చోట, రెండెకరాలుండేవి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు తక్కువైనప్పుడు వంతులు పెట్టేవారు. కొన్నాళ్లు ఎగువ చేలకి, కొన్నాళ్లు శివారుకి. వంతొచ్చినా నీళ్లు రాకపోతే నాన్న సైకిలేసుకుని గట్టు వెంబడి వెళ్లి ఒక్కొక్కరినీ బతిమాలడం అతను వెనక క్యారేజీ మీద కూర్చుని చూశాడు. అందుకని ఆటలో విజయ్ పాల్ అడక్కముందే వంతు పెట్టేశాడు. తన వంతు కాగానే షట్టర్లెత్తి దిగువకి వదిలేసేవాడు. దానికి ఒప్పందమేమిటి, సంతకమేమిటి? వంతంటే వంతే.

కొంప ముంచింది అదే. ఈమధ్య ఆటలో కొత్త మార్పులు చేశారు. ఏమేం మారాయో చెప్పే ప్రకటన చదవాలంటే ఒక పూట పడుతుంది గనక, అందరిలాగే అతనూ చదవకుండా ‘సరే’ నొక్కాడు. ఒప్పందం లేకుండా పదే పదే నీళ్లు వదిలితే ఆ ఊరు లొంగిపోయి కప్పం కడుతున్నట్టేనని అందులో రాసుంది. అలా కాలవగట్టు ఒక్కసారిగా విజయ్ పాల్ ఉన్న కూటమికి సామంత ఊరైపోయింది. సముద్రం వైపు ఓడల దాడులెక్కువని విజయ్ పాల్ మొదట్లోనే ఒక పెద్ద కూటమిలో చేరాడు. దానికి నాయకుడెవడో కమాండర్ అట, ఏ దేశంవాడో ఎవరికీ తెలియదు. ఆ కమాండర్ కోట కడుతున్నాడు. కోటకి రాళ్లు కావాలి. అందుకని సామంత ఊళ్లన్నిటినీ ఆదివారం సాయంత్రం ఆరింటికి కూల్చి రాళ్లు తీసుకోవాలని తీర్మానం పెట్టాడు.

ఆపడానికి ఒకటే దారి. కూటమిలో ఏ ఒక్కరైనా ‘అభ్యంతరం’ అని నొక్కితే ఆ ఊరి జోలికి రారు. ఆ కూటమిలో సత్యప్రసాద్‌కి తెలిసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడి పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది, అంటే మనిషి ఆటలోనే ఉన్నాడు. దాని పక్కనే అతని ఓటు కనిపిస్తోంది. కూల్చడానికి సమ్మతం.

సత్యప్రసాద్ ఆ మాటని కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చదివాడు. ఒళ్లు మండిపోయింది.

“ప్రసాద్ గారూ, ఇది ఆడాళ్ల జోడండి,” అన్నారు ఎదురుగా నిలబడ్డ ఏసురాజు గారు, పూల డిజైనున్న ఫ్రేము ముక్కు మీంచి తీస్తూ. ఆయన ఎప్పుడొచ్చారో, ఆయన చేతిలో అది తనెప్పుడు పెట్టాడో సత్యప్రసాద్‌కి తెలియలేదు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తే ముఖం చూసి శ్రీదుర్గ సంగతంతా రాబట్టింది.

“ఏవండీ, ఆయనకో ఫోన్ చేస్తే అయిపోద్ది కదా.”

“వాడికి తెలీదా? కళ్లెదురుగా జెండా మారింది. చుక్క వెలుగుతానే ఉంది. ఓటు కూడా వేశాడు. చెయ్యాల్సింది వాడు.”

“చుక్కేంటండీ, చుక్క? మనిషిని అడగాలి గానీ.”

“నేను అడగను. ఇన్ని నెలలు అడక్కుండానే వాడికి నీళ్లొదిలాను.”

“బావుంది మీ బెట్టు,” అని ఆవిడ మజ్జిగ పోసి లోపలికి పోయింది.

నిజానికి బెట్టు కన్నా బాధే ఎక్కువ. వాడు ఇలా చేస్తాడా అన్న ప్రశ్నకి అతను ఒక్క క్షణమైనా ‘చెయ్యడు’ అని జవాబు చెప్పుకోలేదు. కోటలో వాటా వస్తుందేమో, పెద్ద కూటమిలో పరపతి పెరుగుతుందేమో, ఇంక ఈ కళ్లజోళ్ల కొట్టువాడితో పనేముంది అనుకుంటూ పోయాడు. అలా అనుకోవడంలో కొంత సుఖం కూడా ఉంది. ఆ కోపాన్ని విజయ్ పాల్ మీద చూపించలేడు గనక ఆట మీద చూపించాడు. సాయంత్రం కొట్లో కూర్చుని, వచ్చిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టి, ఒక్క నక్షత్రమిచ్చి ఉతికి ఆరేశాడు.

“మా వైపు కాలవ నీళ్లు వంతులేసుకుని వాడుకుంటాం. ఎగువవాడు దిగువవాడికి నీళ్లొదిలితే దాన్ని మర్యాద అంటాం. మీరు లొంగిపోవడం అంటున్నారు. మీ ఆటలో పద్నాలుగు రకాల పన్నులున్నాయి, ఇరవై రకాల కత్తులున్నాయి. పక్కవాడికి ఊరికే ఏదైనా ఇవ్వడానికి ఒక్క బటన్ లేదు. ఇది కట్టినవాళ్లకి పక్కిల్లు అనేది ఉందా అసలు?” అని రాసి, కింద ‘శివారు రైతు’ అని పేరు పెట్టాడు.

శుక్రవారానికి ఆ రాత అందరి నోళ్లలోనూ పడింది. వేలమంది మెచ్చుకున్నారు. తిట్టినవాళ్లూ ఉన్నారు. “ఊరికే నీళ్లెందుకు ఇచ్చావు? నీకు ఆట రాదు” అని ఒకడు. “చదవకుండా ‘సరే’ నొక్కినవాడికి ఊరెందుకు?” అని ఇంకొకడు. వాడు చెప్పింది నిజమే గనక సత్యప్రసాద్‌కి మరీ చిర్రెత్తుకొచ్చింది. ఒక్కొక్కడికీ విడివిడిగా జవాబులు రాశాడు. కొట్టుకొచ్చినవాళ్లకి అద్దాల నంబర్లు రెండుసార్లు అడిగాడు. మధ్య మధ్య కూటమి పేజీ తెరిచి చూస్తే ఆకుపచ్చ చుక్క అలాగే వెలుగుతోంది, సమ్మతం అలాగే ఉంది. ఫోన్ మాత్రం మోగలేదు.

శనివారం ఆట కంపెనీ నుంచే జవాబొచ్చింది. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, ఈ నియమాన్ని వచ్చే నెల మారుస్తాం, ఇప్పటికే సామంతమైన ఊళ్లను మేము కాపాడలేం, దయచేసి కూటమిలో మీ మిత్రులెవరైనా ఉంటే అభ్యంతరం చెప్పమని అడగండి అని.

“చూశారా, కంపెనీవాళ్లు కూడా నేను చెప్పిందే చెప్తున్నారు,” అంది శ్రీదుర్గ.

“అడగాల్సొస్తే ఇంక వాడు మిత్రుడెలా అవుతాడు?” అన్నాడు సత్యప్రసాద్. ఈ మాట తనకే చాలా గొప్పగా వినిపించింది.

ఆదివారం కొట్టుకి సెలవు. పొద్దున విజయ్ పాల్ చర్చిలో ఉంటాడు గనక పన్నెండు దాకా ఆగుదాం అనుకున్నాడు. పన్నెండయ్యాక భోంచేస్తుంటాడు అనుకున్నాడు. రెండింటికి పేరు తీసి, ‘రేయ్’ అని రాసి, చెరిపేశాడు. నాలుగింటికి ఫోన్ కలిపే బటన్ మీద వేలు పెట్టాడు కూడా. ఒకవేళ వాడు “ఆటే కదరా, అంత ఇదయిపోతావేంటి” అంటే? ఆ మాట వినడం కన్నా ఊరు పోవడమే నయమనిపించింది. వేలు తీసేశాడు.

ఆరయింది. మొదట బజారు పడింది. తర్వాత బడి. రేవుల మెట్లు ఒక్కొక్కటే ఊడిపోయి బండ్లలోకి ఎక్కాయి. ఎనిమిది నెలల ఊరు కూలడానికి ఒక సీరియల్ ఎపిసోడంత సేపైనా పట్టలేదు. తూము పడగానే నది ఒక్క ఊపున దిగువకి ఉరికింది. సత్యప్రసాద్‌కి ఏడుపొచ్చింది. పక్క గదిలో కూతురుందని ఆపుకున్నాడు.

అప్పుడు మోగింది ఫోన్. విజయ్ పాల్.

“ఒరేయ్, ఇప్పుడే లేచాన్రా. చర్చి నించొచ్చి అన్నం తిని పడుకుంటే ఒళ్లు తెలీలేదు. వారం నించీ టెన్త్ స్పాట్ వేల్యుయేషన్, పేపర్లు దిద్ది దిద్ది కళ్లు పోయినయ్యనుకో. లోపలికి ఫోన్లు కూడా రానివ్వలేదు. నిన్నటితో అయింది. మా స్టాఫ్ గ్రూపులో ఎవరో రివ్యూ ఒకటి పెట్టారు. శివారు రైతంట, వంతు నీళ్లంట. చదువుతుంటే అచ్చం నువ్వు మాట్లాడినట్టే ఉంది. నువ్వేనా ఏంటి?”

సత్యప్రసాద్ ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు.

“ప్రసాదూ?”

“నేనే.”

“అదేంట్రా, మరి మన ఊరు... ఉండు.” అవతల ఆట తెరుచుకుంటున్న సంగీతం వినిపించింది, తర్వాత అదీ ఆగిపోయింది. “ఊరేదిరా? ఖాళీగా ఉందేంటి ఇక్కడ?”

“నువ్వే ఓటేశావు కదా.”

“నేనా? నేనసలు ఆట తెరవలేదు. స్పాట్‌కి వెళ్తూ ఆటని ఆటో మోడ్‌లో పెట్టి పోయాను, కమాండర్ ఎటు వేస్తే నాదీ అటే పడేటట్టు. లేకపోతే రోజుకి పాతిక తీర్మానాలు, ఎవడు చూస్తాడు? చుక్క కూడా దానంతటదే వెలుగుద్ది.” అతని గొంతు తడబడింది. “ఎప్పుడు పెట్టారు ఇది?”

“గురువారం.”

“గురువారం నించీ నీకు తెలుసా?”

“తెలుసు.”

“సాయంత్రాలు ఇంట్లోనే ఉన్నాన్రా. ఇవాళ మధ్యాహ్నమంతా ఫోన్ తలగడ పక్కనే ఉంది. ఒక్క రింగిస్తే లేచి నొక్కేవాణ్ని కదా.”

“నీకు తెలిసే చేశావనుకున్నాను,” అన్నాడు సత్యప్రసాద్. ఈ నాలుగు రోజుల్లో నోటికి తేలిగ్గా వచ్చిన నిజం ఇదొక్కటే. అనేశాక మింగేయాలనిపించింది.

అవతల ఫ్యాను తిరుగుతున్న శబ్దం వినిపించింది.

“తెలిసే చేశాననుకున్నారా,” అన్నాడు విజయ్ పాల్ చివరికి, మెల్లగా. “ఊళ్లో వాళ్లందరికీ చెప్పుకున్నారు, నాకు తప్ప. మంచిదండీ. ఉంటాను మరి, ప్రసాద్ గారూ.”