పేరు పెట్టి పిలిచి కోసిన ఆకు

కెర్దో కుండ మీద కప్పిన గడ్డి తీసి, ఆకుల మీది మంచును వేలికొసతో రాలుస్తున్నాడు. రైన్ నది ఒడ్డున సైనికుల ఆసుపత్రి వెనక ఈ పెరటి పని అతనికి అప్పగించినప్పుడు జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడు కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. బానిసను పలకరించేదెవరు? దక్షిణాన తన ఊరి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న ఈ మొక్కతోనే అతని మాటామంతీ. దాని పిలకలన్నీ ఈ చలికి మాడిపోయాయి. మిగిలింది ఇదొక్కటే, దానికి గుప్పెడు ఆకులు. గొంతు వాచి ఉమ్మి మింగడమే గగనమైపోయిన కెర్దో వాటిని మందుగా తన కోసమే దాచుకున్నాడు. అందుకు అతనికి సిగ్గేమీ లేదు.

శిబిరంలో బట్టలుతికే లౌబా పరుగున వచ్చింది.

"తాతా, మా పిల్లకి గొంతు పూడుకుపోయింది. ఊపిరాడటంలేదు. నీ ఆకు ఇవ్వు."

"నాకు మాత్రం ఆడుతోందా? పోవే!"

"నువ్వు బతకాల్సింది బతికావు. దానికింకా పాలపళ్లే ఊడలేదు!"

కెర్దోకు ఒళ్లు మండింది, కానీ పాలపళ్ల మాట గుచ్చుకుంది. ఎముక కత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ ఆకుకు ఇనుము తగలకూడదన్నాడు. అవసరమున్నవాళ్లే దాన్ని పేరు పెట్టి పిలిచి, ఎవరి కోసమో చెప్పి కోయాలి. ఒకరి పేర కోసింది మరొకరికి పనిచేయదు.

"ఏమని పిలవాలి?"

"సాల్వియా. మా అమ్మ అలాగే పిలిచేది. కాపాడేదని అర్థం."

"సాల్వియా, నా బిడ్డ ఔదా కోసం," అంటూ లౌబా ఆకులన్నీ కోసుకుంది. అమ్మ మాట ఇన్నేళ్లకు మరో నోట విని కెర్దోకు ఏడుపొచ్చింది. ఆమె వెళ్లాక మొండికాడలకే నీళ్లు పోసి, గోడకు చేరగిలబడ్డాడు.

పొద్దువాలుతుండగా లౌబా తిరిగొచ్చింది. ఆకులు పిడికిట్లో అలాగే ఉన్నాయి. ఆమె ఇల్లు చేరేసరికే పిల్ల చల్లబడిపోయింది.

"నువ్వయినా తిను తాతా," అంది. అంతలో నియమం గుర్తొచ్చింది. ఆకుల్ని కాడల మధ్య నిలబెట్టి, మళ్లీ కోసింది. "సాల్వియా, మా తాత కోసం." అప్పుడు అతని చెంప తాకింది. అదీ చల్లగానే ఉంది.

మొక్క మళ్లీ చిగురించలేదు. మాట మాత్రం లౌబా నోటి నుంచి రేవులోకి, రేవు నుంచి అవతలి గట్టుకు పాకింది. ఆ మొక్కను ఎన్నడూ చూడని తల్లులు కూడా బిడ్డ గొంతు వాస్తే, దొరికిన ఆకునల్లా సాల్వియా అని బతిమాలుతూ కోస్తున్నారు. ఆసుపత్రి వెనక ఆ కుండ ఇంకా ఉంది, ఎండిన కాడల మధ్య గుచ్చిన ఎముక కత్తితో.