ఉర్కెన్ చెప్పిన పది మాటలు

మంచుకొండల్లోని మా థామే ఊరి ఉర్కెన్ ఎనిమిది వేల మీటర్లు దాటిన కొండలు పదకొండు సార్లు ఎక్కాడు. సగం సార్లు ఆక్సిజన్ సిలిండర్ లేకుండానే. కాళ్లూ చేతులూ భద్రంగా దించుకున్నాడు గానీ, జ్ఞాపకశక్తి కొంత పైనే ఉండిపోయింది. యాభై ఎనిమిదేళ్లకే, జడలబర్రెను వెతకబోయి, ఎందుకు బయల్దేరాడో మరిచి, ఎవరింట్లోనో టీ తాగి తిరిగొస్తున్నాడు.

గాలి పలచనైన చోట మెదడు దెబ్బతిన్నవాళ్లకు కొత్త మాత్ర పనిచేస్తుందేమో చూడడానికి ఖాట్మండు నుంచి డాక్టర్ సరళా తులాధర్ వచ్చింది. ఉర్కెన్‌కీ ఆ మాత్రలిస్తూ, నెలకోసారి పది మాటలు చెప్పి, అరగంటాగి అప్పజెప్పమంటుంది.

మొదటి నెల ఉర్కెన్ రెండు చెప్పాడు. రెండో నెల ఎనిమిది. మూడో నెల గడగడా తొమ్మిది చెప్పి, పదోదాని కోసం ఆవిడ భుజం మీదుగా కిటికీకేసి చూశాడు.

డాక్టరమ్మ గిరుక్కున తిరిగింది. బయట మంచులో ఉర్కెన్ భార్య ఖాండు రెండు వేళ్లు కొమ్ముల్లా నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటక్కా అది?"

"మేకమ్మా," అంది ఖాండు, వేళ్లు దించకుండానే.

"అన్నీ నువ్వే అందించావా?"

"మీరు చెప్తుంటే కిటికీలోంచి విన్నా. తప్పులు చెప్తే మందు ఆపేస్తారేమోనని భయమేసిందమ్మా. ఇవాళ మాటలు పోతాయి, రేపు నా పేరు పోతుంది."

"నీ పేరెలా పోతుందే?" అన్నాడు ఉర్కెన్ రోషంగా. "ఖాండూ, టోపీ ఏదీ? ఖాండూ, చెప్పులేవీ? రోజుకి నలభైసార్లు అరుస్తూనే ఉన్నా కదా!"

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. అయినా ఆ రెండు నెలల మార్కులూ కొట్టేసింది. "తప్పులు చెప్పినా మందు ఆపం. దొంగమార్కులొస్తే మాత్రం మందు సంగతి నాకెలా తెలుస్తుంది, అక్కా?"

మర్నెల ఖాండు కిటికీ దగ్గరికి రాలేదు. బయట రాతిగోడ మీద కూర్చుని జపమాల తిప్పుతూ ఉంది. ఉర్కెన్ నాలుగు చెప్పాడు.

"మందు వల్లేనామ్మా?" అని లోపలికొచ్చి అడిగింది ఖాండు.

"ఇప్పుడే చెప్పలేనక్కా. ఇంకా చాలామందిని చూడాలి."

అంతవరకు ఆగే ఓపిక ఉర్కెన్‌కి లేదు. దారి పొడవునా ఎదురైనవాళ్లందరికీ తన మార్కులు చెప్పుకుంటూ నడిచాడు. ఊరి చివరింటికి చేరేసరికి నాలుగు కాస్తా ఏడయ్యాయి.

పక్కనే నడుస్తున్న ఖాండు సరిదిద్దలేదు.